అటక మీది పిల్లి

“కేసు మూసేశాం గురువుగారూ. సాయంత్రానికి రిపోర్టు పైకి వెళ్లిపోతుంది. ఈలోగా కావాలంటే మీరు కూర్చుని వీడియో గేము ఆడుకోండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు షాపు గుమ్మంలో నిలబడి.

నత్త తల ఎత్తలేదు. నేల మీద మోకాళ్లూని, మూత లేని ఆ పాత టీవీ వెనక భాగాన్ని చూస్తున్నాడు.

నత్త అంటే తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి కేసునూ నేల తడుముకుంటూ నెమ్మదిగా లాక్కొచ్చేవాడని తోటివాళ్లు తగిలించిన పేరది. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నా ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఈ ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఆయన కిందే పని నేర్చుకున్నాడు. ఇప్పుడతను “గురువుగారూ” అంటే అందులో గౌరవమెంతో వెటకారమూ అంతే.

“ఎలా పోయాడన్నావ్? మళ్లీ ఒకసారి చెప్పు,” అన్నాడు నత్త.

“ఎన్నిసార్లు చెప్పించుకుంటారండీ బాబూ! పాతికేళ్ల అనుభవమున్న టీవీ మెకానిక్. టీవీ ఆన్‌లో ఉండగా వెనక్కి చెయ్యి పెట్టాడు. అలాంటివాడికి పొరపాటున షాకు కొట్టిందంటే చిన్నపిల్లాడు కూడా నమ్మడు. కావాలనే పెట్టాడు. రెండేళ్ల కిందట ఆయన కూతురు దాగుడుమూతలాడుతూ ఈ షాపులోనే పాత ఫ్రిజ్‌లో దూరింది. తలుపుకి గొళ్లెం పడిపోయింది, పిల్ల పోయింది. అప్పట్నుంచీ మనిషి మనిషి కాడు. ఇంకేం కావాలి మీకు?”

“మోచెయ్యి.”

“ఏంటీ?”

“కాలింది మోచెయ్యి. వేళ్ల మీద చిన్న మచ్చ కూడా లేదు. పని చేసేవాడి చెయ్యి ఎక్కడికెళ్లినా ముందు వేళ్లే వెళ్తాయి కదయ్యా? చావాలనుకున్నవాడైనా అంతే. మోచేతిని ముందు పెట్టి టీవీలోకి దూరేవాణ్ణి నువ్వెక్కడైనా చూశావా?”

ఇన్‌స్పెక్టరు మొహం చిట్లించాడు. “కళ్లు తిరిగి వెనక్కి పడ్డాడేమో.”

“పొద్దున ఆత్మహత్య అన్నావు, ఇప్పుడు కళ్లు తిరగడం అంటున్నావు. సాయంత్రానికి ఇంకేమంటావో చూద్దాం,” అంటూ నత్త మోకాలు పట్టుకుని మూలుగుతూ లేచాడు.

గుమ్మం పక్కన స్టూలు మీద మెకానిక్ భార్య కూర్చుని ఉంది. ఈ మాటలన్నీ ఆవిడ చెవిన పడుతూనే ఉన్నాయి. ఏడవడం లేదు, కళ్లల్లో నీళ్లన్నీ ఇంకిపోయినట్టు ఉంది. మొదటిరోజు నత్త దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ ఒకే ఒక్క మాట అడిగింది. “అన్నయ్యగారూ, ఆయన నన్ను వదిలేసి తనంతట తను వెళ్లిపోయాడా, లేదా? అంతే నాకు కావాల్సింది. వెళ్లిపోయాడంటే నేనింక బతకలేను.” ఇలాంటి ప్రశ్నలు డిటెక్టివులు ఒప్పుకోకూడదు. తేడా వస్తే మనిషి పోతుంది. నత్త ఒప్పేసుకున్నాడు, ఎందుకంటే ఆ మొహం చూసి కాదనడం ఆయన వల్ల కాలేదు.

షాపు చిన్నది. అరల నిండా పాత టీవీలు, రేడియోలు, సోల్డరింగ్ వాసన. నడిమధ్య బల్ల మీద ముప్పయ్యేళ్ల నాటి గేము మిషను. దాన్ని తయారుచేసిన కంపెనీయే ఎప్పుడో మర్చిపోయింది. బొమ్మలు పెట్టెలు పెట్టెలుగా కనిపించే కాలం నాటిది, క్యాసెట్ గుచ్చితే తప్ప పలకదు. మెకానిక్‌కి చిన్నప్పుడు అదంటే ప్రాణం. కూతురికీ అదే పిచ్చి అంటించాడు. కూతురు పోయాక, రెండేళ్లపాటు ఎవరితోనూ మాట్లాడకుండా ఈ మిషను కోసం తనే సొంతంగా ఒక కొత్త ఆట తయారుచేశాడు. ప్రతి బొమ్మా తనే గీశాడు, ప్రతి చప్పుడూ తనే కూర్చాడు. చిప్పు మీద ఆట ఎక్కించి, పాత క్యాసెట్ డొల్లలో బిగించాడు. ప్రపంచం మొత్తం మీద అది ఒక్కటే కాపీ.

“ఆ రోజు తెర మీద ఏముందో ఫొటో చూపించవయ్యా,” అన్నాడు నత్త.

ఇన్‌స్పెక్టరు విసుగ్గా ఫోను తీశాడు. కానిస్టేబులు తీసిన ఫొటో. ఆట మధ్యలో ఆగి ఉంది. ఒక గది, గోడ పక్కన నీలం రంగు బీరువా, దాని ముందు రెండు బొమ్మలు. ఒకటి నాన్న, ఒకటి అమ్మ.

“ఫొటో తీశాక ప్లగ్గు పీకేశారు. అవునా?”

“శవం పక్కన టీవీ మోగుతుంటే పీకరా మరి?”

“ఈ మిషనుకి జ్ఞాపకం ఉండదు నాయనా. ఒక్కసారి ఆపితే మళ్లీ మొదటి గది నుంచీ రావాల్సిందే. ఉన్న ఒక్క సాక్షి నోరూ నువ్వే నొక్కేశావు. సరేలే. ఫొటోలో బొమ్మలు రెండున్నాయి, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క జాయ్‌స్టిక్కు. రెండోది ఎవరు పట్టుకున్నారు?”

“అది కూతురిది. ఆయన దాన్ని ఎప్పుడూ మిషనుకి తగిలించే ఉంచేవాడని ఈవిడే చెప్పింది. రెండూ తనే నొక్కుకుని ఉంటాడు. పిచ్చివాడికి ఎన్ని చేతులైనా ఉంటాయి.”

నత్త వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూశాడు. ఆ మాట ఆవిడకి ఎక్కడ తగిలిందో మొహంలో కనపడింది. వెంటనే ఇన్‌స్పెక్టరు భుజం మీద చెయ్యి వేసి కుర్చీలోకి కుదేశాడు.

“అయితే నువ్వే ఆడి చూపించు. రెండూ నువ్వే నొక్కు.”

ప్రాణాలు తీసిన టీవీని ముందే పక్కకి జరిపి, అరలోంచి ఇంకో టీవీ దించి మిషను దానికి తగిలించి ఉంచాడు నత్త. ఆట మొదలైంది. తప్పిపోయిన పిల్లని అమ్మానాన్నా ఇల్లంతా వెతకాలి, అంతే ఆట. మొదటి గదిలోనే ఒకరు నిచ్చెన పట్టుకుంటే తప్ప ఇంకొకరు ఎక్కలేరు. రెండో గదిలో ఇద్దరూ ఒకేసారి దూకకపోతే నేల విరుగుతుంది. ఇన్‌స్పెక్టరు ఒక జాయ్‌స్టిక్కు ఒళ్లో, ఇంకొకటి తొడకింద పెట్టుకుని నానా తంటాలు పడ్డాడు. నుదుటికి చెమటలు పట్టాయి. నాన్న బొమ్మ దూకితే అమ్మ బొమ్మ పడిపోతుంది, అమ్మని లేపితే నాన్న పోతాడు.

“ఛీ! దిక్కుమాలిన ఆట!”

“ఇలా ఇవ్వు ఒకటి,” అన్నాడు నత్త.

ఇద్దరూ కలిసి ఆడేసరికి రెండో గది ఇట్టే దాటేశారు. మూడో గది గడప మీద ఇన్‌స్పెక్టరు బొమ్మ కాలు పెట్టిందో లేదో, అటక మీంచి నల్లటి పిల్లి ధబ్బుమని దూకి దాని మొహం మీద రక్కింది. బొమ్మ కెవ్వుమని గడప అవతల పడింది.

“అమ్మ నీ! ముందుగా చప్పుడూ లేదు, గిప్పుడూ లేదు!”

“లేదు. మొదటిసారి వచ్చిన ప్రతివాడినీ అది రక్కుతుంది. ఈ రెండ్రోజుల్లో పక్క కొట్లో ఎలక్ట్రీషియన్నీ, ఎదురింటి పెద్దాయన్నీ, షాపుకి వచ్చిపోయే వాళ్లందరినీ కూర్చోబెట్టి ఆడించాను. అందర్నీ రక్కింది. నన్నయితే మూడుసార్లు.”

“మీకు పనీ పాటా లేదా గురువుగారూ?”

“లేదు కాబట్టే వీధిలో కనిపించినవాళ్లందరినీ ఆడిస్తున్నాను,” అన్నాడు నత్త.

ఈ పిల్లి సంగతి ఆయనకి చెప్పింది మెకానిక్ భార్యే. కూతురు పోయాక రెండేళ్లు మొగుడూ పెళ్లాలు ఆ పిల్ల ఊసే ఎత్తలేదట. ఫ్రిజ్ తలుపుకున్న గొళ్లెం తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదని ఆవిడ కోపం. ఆ కోపం నోటితో అనలేదు, కానీ అన్నం వడ్డించేటప్పుడు కూడా ఆయన మొహం చూసేది కాదు. ఆయన చనిపోయే ముందు రోజు రాత్రి మాత్రం ఏమనిపించిందో, “ఆటలో పిల్లిని పెట్టావా? మన బుడంకాయ పిల్లిని పెంచుకుంటానని ఎంత ఏడ్చేదీ!” అంది. ఆయన, “పెడతాను. రేపు సాయంత్రం ఇద్దరం కలిసి ఆడదాం. దాన్ని ఇద్దరం కలిసే వెతకాలి,” అన్నాడు. రెండేళ్ల తర్వాత ఆ రాత్రే ఇద్దరూ కలిసి అన్నం తిన్నారు.

నత్త షాపులో కంప్యూటరు తెరిచి చూశాడు. ఆ మాట నిజమే. చనిపోయిన రోజు ఉదయమే పిల్లిని చేర్చాడు. పదకొండు దాటాక కొత్త చిప్పు ఎక్కించాడు. సాయంత్రం ఆరింటికి ఆవిడ వచ్చేసరికి ఆయన నేల మీద ఉన్నాడు. అంటే ఆ పిల్లి ఎక్కడ దూకుతుందో తెలిసే అవకాశం ఈ భూమ్మీద ఇద్దరికే ఉంది. తయారుచేసినవాడికి, ఆ మధ్యాహ్నం అతని పక్కన కూర్చుని ఆడినవాడికి. ఇదంతా నత్త ఎవరికీ చెప్పలేదు. చివరి గది ఏమిటో చూడాలనుందని మాత్రం అందరితోనూ అన్నాడు. నిజానికి ఎవరితో ఆడినా పిల్లి దగ్గరే ఆపేసేవాడు. చివరి గదికి వెళ్లే హక్కు తనకి లేదనిపించేది.

“అక్కా, అన్నం తెచ్చాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదట కదా,” అంటూ టిఫిన్ డబ్బా పట్టుకుని లోపలికి వచ్చాడు ఆవిడ తమ్ముడు.

ముప్పయ్యేళ్లు కూడా లేవు. డెలివరీ వ్యాను నడుపుతాడు. బావ పోయిన రోజు నుంచీ అక్క వెంట నీడలా ఉన్నాడు. ఆసుపత్రి పనులు, స్టేషను పనులు, అన్నీ తనే. మనిషి సగమైపోయాడు. నత్తకి ఈ కుర్రాడంటే ఇష్టం. వచ్చిన ప్రతిసారీ ఆయన మోకాలి నొప్పి ఎలా ఉందో అడుగుతాడు. అందుకే కాబోలు, అతన్ని ఆడించడం రేపు రేపంటూ వాయిదా వేశాడు.

“నువ్వొక్కడివే మిగిలావు నాయనా. రా, కూర్చో,” అన్నాడు నత్త.

“ఇప్పుడు ఆటలేంటండీ!”

“ఆడరా,” అంది అక్క నీరసంగా. “అందరూ ఆడారు. అన్నయ్యగారికి ఆ చివరి గది చూడాలనుందట.”

తమ్ముడు డబ్బా కింద పెట్టాడు. మిషను వైపు చూశాడు, కూర్చున్నాడు. జాయ్‌స్టిక్కు అందుకున్నాడు.

“ఇదివరకు ఆడావా?” అడిగాడు నత్త తెర మీంచి చూపు తిప్పకుండా.

“ఎప్పుడో రెండు మూడు నెలల కిందట బావ చూపించాడు. అప్పటికింకా సగమే అయ్యింది.”

“ఆ రోజు మధ్యాహ్నం ఇటు రాలేదుగా?”

“లేదండీ. వ్యాను మీద తిరుగుతున్నాను. స్టేషన్లో కూడా చెప్పాను.”

“చెప్పాడు, చెప్పాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు ఆవలిస్తూ.

మొదటి గది అయ్యింది. రెండోది అయ్యింది. కుర్రాడు నత్త కంటే బాగా ఆడుతున్నాడు. మూడో గది గడప దగ్గర నత్త కావాలనే వెనకబడ్డాడు. కుర్రాడి చేతిలోని అమ్మ బొమ్మ ముందుకి వెళ్లింది. గడప మీద కాలు పెట్టింది. అటక మీద ఇంకా ఏమీ లేదు.

అమ్మ బొమ్మ వంగింది.

పిల్లి దూకింది. వంగిన బొమ్మ తల మీదుగా దాటి, వెనక నిలబడ్డ నాన్న బొమ్మని రక్కి కింద పడేసింది.

నత్త జాయ్‌స్టిక్కు ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంత స్పష్టంగా కేసు తేలినప్పుడు సంతోషించాలి. ఆయనకి మాత్రం లేచి బయటికి వెళ్లిపోవాలనిపించింది.

“ఎందుకు వంగావు బాబూ?”

“ఏంటండీ?”

“పిల్లి దూకకముందే వంగావు. ఎందుకు?”

“ఏదో... చెయ్యి తగిలింది.”

“చెయ్యి తగల్లేదు. గడప మీద ఆగి, చూసుకుని వంగావు.”

“మరి ఇదివరకు ఆడానని చెప్పాను కదండీ! బావ చూపించాడని...”

“అదీ సంగతి. ఆడినవాడికి తెలియదా గురువుగారూ? కుర్రాణ్ణి ఊరికే బెదరగొడతారెందుకు?” అని ఇన్‌స్పెక్టరు అడ్డు వచ్చాడు.

“ఆ పిల్లి అప్పుడు లేదురా,” అంది అక్క.

చాలా నెమ్మదిగా అంది. తనేమంటోందో తనకే ఇంకా పూర్తిగా తెలియనట్టు అంది.

“ఆ పిల్లిని పెట్టమని నేనే చెప్పాను. ముందు రోజు రాత్రి చెప్పాను. ఆయన ఆ పొద్దున పెట్టాడు.” స్టూలు మీంచి లేచింది. “నీకెలా తెలుసు?”

తెర మీద పిల్లి మళ్లీ అటక ఎక్కి కూర్చుంది.

“ఒరేయ్, నిన్నే. నీకెలా తెలుసు?”

ఇన్‌స్పెక్టరు గోడకి ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు. సాయంత్రం పంపాల్సిన రిపోర్టు అతనికి గుర్తొచ్చిందేమో.

“నేను కావాలని చెయ్యలేదక్కా,” అన్నాడు తమ్ముడు చివరికి. “ఊరికే పలకరిద్దామని వచ్చాను. బావ ఎంత సంతోషంగా ఉన్నాడనీ... ‘రారా, సాయంత్రం మీ అక్కకి చూపించాలి, రెండో జాయ్‌స్టిక్కు పట్టుకునేవాళ్లు లేరు, సరిగా ఆడుతుందో లేదో చూడాలి’ అన్నాడు. పిల్లి రక్కితే పగలబడి నవ్వాడు. బావ నవ్వగా చూసి ఎన్నాళ్లయ్యిందో. అలా ఆడుకుంటూ చివరి గదికి వచ్చాం. బీరువా ఉంది. ‘లాగరా, ఇద్దరం కలిసి లాగితేనే తలుపు తెరుచుకుంటుంది, బుడంకాయ లోపలుంది’ అన్నాడు. నా వల్ల కాలేదు. జాయ్‌స్టిక్కు పక్కన పెట్టేశాను.”

“ఎందుకు కాలేదు?” అడిగాడు నత్త. జవాబు ఆయనకి అప్పటికే అర్థమైంది. అయినా ఆ మాట అక్క ముందు అతని నోటితోనే రావాలి.

“ఆ రోజు బుడంకాయతో దాగుడుమూతలు ఆడింది నేనే.”

అక్క బల్ల అంచు పట్టుకుంది.

“బావ బయటికెళ్లాడు. అది దాక్కుంది. నేను అంకెలు లెక్కపెడుతుంటే ఫోనొచ్చింది. మాట్లాడుతూ బయటికి వెళ్లాను. స్నేహితులు కలిశారు. గంట దాటిపోయింది. తిరిగొచ్చి చూస్తే షాపులో చప్పుడు లేదు. ఇంటికి వెళ్లిపోయి ఉంటుందిలే అనుకున్నాను. వెతకలేదక్కా. తర్వాత అందరూ అడిగితే, నేను వచ్చేసరికే పిల్ల ఇక్కడ లేదని చెప్పేశాను. బావ గొళ్లెం తియ్యలేదని అందరూ బావనే అన్నారు. నువ్వూ అలాగే అనుకున్నావు. నేను నోరు మూసుకున్నాను.”

“రెండేళ్లు,” అంది అక్క. “రెండేళ్లు నేను ఆయన మొహం చూడలేదు కదరా.”

“బావకి చెప్పేశాను. కొట్టలేదు, తిట్టలేదు. ‘మీ అక్కకి చెప్పాలి’ అని ఫోను తీశాడు. అంతే. నీకు తెలిసిపోతుందని భయమేసింది. ఫోను లాక్కోబోయాను. పెనుగులాటలో బావ వెనక్కి... మోచెయ్యి టీవీలో పడింది. కాళ్లు గిలగిలా కొట్టుకున్నాడు. నేను... నేను వెళ్లిపోయాను.”

ఆ పిల్లని అలాగే వదిలేసి వెళ్లాడు, ఈ మనిషినీ అలాగే వదిలేసి వెళ్లాడు. నత్త ఎందరో హంతకుల్ని చూశాడు కానీ ఇంత మామూలు భయంతో రెండు ప్రాణాలు తీసినవాణ్ణి చూడలేదు. కోపం రావడం లేదు.

ఇన్‌స్పెక్టరు బేడీలు తీశాడు. “లే.”

“ఆగండి,” అంది అక్క.

వచ్చి నత్త ముందు నిలబడి చెయ్యి చాపింది. నత్త తన చేతిలోని జాయ్‌స్టిక్కు ఆవిడకిచ్చి కుర్చీ ఖాళీ చేశాడు. ఆవిడ ఇంతవరకూ దాన్ని ముట్టుకుని కూడా ఎరగదు. తమ్ముడి పక్కన కూర్చుంది.

“ఏది నొక్కాలో చెప్పు.”

“అక్కా, నా వల్ల కాదు...”

“నీ మేనకోడల్ని ఆ రోజు వెతకలేదు. మొన్న తలుపు దాకా వెళ్లి కూడా తియ్యలేదు. దాన్ని బయటికి తీసేదాకా ఈ కుర్చీలోంచి లేవడానికి వీల్లేదు. ఏది నొక్కాలో చెప్పు!”

ఆ గొంతు విని ఇన్‌స్పెక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. నత్త గోడ వైపు తిరిగాడు, మళ్లీ ఉండబట్టలేక తెర వైపే చూశాడు.

తమ్ముడు ఏడుస్తూ చెప్పాడు. ఆవిడ నొక్కింది. గడప దగ్గర పిల్లి రక్కింది, లేచి మళ్లీ వెళ్లింది. మళ్లీ రక్కింది. మూడోసారి వంగింది. నాలుగో గదిలో నాలుగుసార్లు పడింది. పడ్డ ప్రతిసారీ తమ్ముడి బొమ్మ ఆగి ఎదురుచూసింది. చివరికి రెండు బొమ్మలూ నీలం బీరువా ముందు నిలబడ్డాయి, అచ్చం ఫొటోలో ఉన్నట్టే.

“లాగు,” అంది.

తమ్ముడు కళ్లు మూసుకుని నొక్కాడు. ఆవిడ కళ్లు తెరిచే నొక్కింది.

తలుపు తెరుచుకుంది. లోపల రెండు జడల చిన్న బొమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్లో ఆ నల్ల పిల్లి ముడుచుకుని పడుకుని ఉంది. ఆ పాత మిషనుకి మన అక్షరాలు రావు. ఒక్కొక్క అక్షరాన్నీ ఆయన బొమ్మలాగే గీసినట్టున్నాడు. అవి ఒకదాని పక్కన ఒకటి, నెమ్మదిగా, పిల్ల తల మీద వచ్చి నిలబడ్డాయి.

“ఇంతసేపా అమ్మా?”

తమ్ముడు కుర్చీలోంచి జారి నేల మీద పడి, అక్క కాళ్ల దగ్గర తల పెట్టుకున్నాడు. ఆవిడ అతన్ని తాకలేదు, కాళ్లు వెనక్కీ తీసుకోలేదు. జాయ్‌స్టిక్కు గుండెలకి హత్తుకుని తెర వైపే చూస్తోంది. ఇన్నాళ్లకి ఆవిడ కళ్లు తడిశాయి.

“ఆయన వెళ్లిపోలేదన్నయ్యగారూ,” అంది. “సాయంత్రం నాకోసం ఎదురుచూస్తున్నాడు.”

“అవునమ్మా,” అన్నాడు నత్త.

ఇన్‌స్పెక్టరు వంగి కుర్రాణ్ణి రెక్క పట్టుకుని లేపాడు. పోతూ పోతూ అలవాటుగా టీవీ ప్లగ్గు వైపు చెయ్యి చాపాడు.

“ముట్టుకోకు!” అని అరిచాడు నత్త.